దేవతలు పునీతులయ్యారా? కాపరులు విడదీసి చూడవలసిన మూడు సంగతులు

"పునీతులంటే పాత దేవతలకు పెట్టిన కొత్త పేర్లే" అనే మాట మన ప్రసంగాల్లో తరచుగా వినబడుతుంది. అందులో కొంత సత్యముంది. అయితే స్థలం చేతులు మారడం, వ్యక్తి మారడం, ఆచారం కొనసాగడం అనే మూడు సంగతులను కలిపివేస్తే మనం పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలికినవారమవుతాము.

1. స్థలం

క్రీ.శ. 601లో పోపు మొదటి గ్రెగరీ ఇంగ్లండు సేవకు వెళ్తున్న మెల్లితుసుకు లేఖ వ్రాశాడు. గుళ్లను కూల్చవద్దనీ, విగ్రహాలను నాశనం చేసి అక్కడే బలిపీఠాలు కట్టి హతసాక్షుల అవశేషాలు ఉంచమనీ చెప్పాడు. దయ్యాలకు బలి ఇచ్చే పశువులను ఇకమీదట హతసాక్షుల పండుగనాడు దేవునికి కృతజ్ఞత చెల్లించి విందుగా భుజించవచ్చన్నాడు. 609లో రోములోని పాంథియను మరియకూ హతసాక్షులకూ అంకితమైంది. ఇక్కడ కట్టడం మిగిలింది గాని దేవత పునీతుడు కాలేదు.

2. వ్యక్తి

వ్యక్తే మారిన సందర్భాలు అరుదు. వాటిలో అందరూ అంగీకరించేది మన దేశానిదే. అమరావతి శిల్పాల్లో మనం చూసే సిద్ధార్థుని గృహత్యాగ కథ అరబ్బీ, జార్జియను భాషల మీదుగా గ్రీకులోకి చేరింది. 'బోధిసత్వ' అనే మాట దారిలో మారుతూ 'యోసఫత్' అయింది. ఆ పేరుతో బుద్ధుని కథానాయకుడు, తన గురువైన బర్లాముతోపాటు, నవంబరు 27 తేదీన రోమా పునీతుల పట్టికకెక్కాడు. 19వ శతాబ్దంలో పండితులు రెండు కథలనూ పోల్చి మూలాన్ని గుర్తించారు. మంచి కథ దేశాలు దాటింది, దాని మూలం మరుగున పడింది.

3. ఆచారం

విజయవాడ గుణదలలో 1924లో ఫాదర్ ఆర్లాటి మరియమాత విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. 1858 నాటి లూర్దు దర్శనాలను స్మరిస్తూ ప్రతి ఫిబ్రవరి 11న అక్కడ ఉత్సవం జరుగుతుంది. భక్తులు తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, హైందవులూ వస్తారు. అదే పట్టణంలో ఇంద్రకీలాద్రి ఉంది గనుక "దుర్గమ్మే మేరీమాత అయింది" అనడం తేలిక. కాని విగ్రహం నిలిపినదెవరో, ఏ సంవత్సరమో తెలిసిన చోట ఆ మాట నిలవదు. కొండకు వచ్చింది దేవత కాదు, మొక్కుబడి.

ప్రొటెస్టెంటు సంఘాలకు ఇందులో మినహాయింపు లేదు. మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాలను పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన గ్రంథం, విశ్వాసులు గ్రామదేవతల పండుగలతో సంబంధం పూర్తిగా తెంచుకోలేదని చూపింది. మన దగ్గర పునీతుల విగ్రహాలు లేవు. జబ్బుచేసిన బిడ్డను చూసి పోచమ్మను తలచుకొనే భయం మాత్రం ఉంది.

ముగింపు

మోషే చేసిన ఇత్తడి సర్పానికి ధూపం వేయడం మొదలైనప్పుడు హిజ్కియా దానిని పగులగొట్టాడు (2 రాజులు 18:4). దేవుడిచ్చినదే విగ్రహం కాగలిగితే పరీక్షించుకోవలసింది ఇతరులొక్కరే కాదు. ఆషాఢ బోనాల వేళ కాటేదాన్ పారిశ్రామికవాడలో ఒక తల్లి "పిల్లకు జ్వరం తగ్గడం లేదు, అమ్మవారికి మొక్కుకోనా అయ్యగారూ?" అని అడిగితే, పునీతుల చరిత్ర చెప్పి పంపడం జవాబు కాదు. ఆసుపత్రికి తోడు వెళ్లాలి. యాకోబు 5:14 చెప్పినట్లు పెద్దలు ఆ ఇంట ప్రార్థించాలి. ఆ పని మనం చేయని చోట ఆమె మొక్కు మరో గడప వెదుక్కొంటుంది.