ఓకే నొక్కే మనిషి లేని చోట

‘ఈ రికార్డు తీసేయమంటారా?’ అంటూ వెబ్ పేజీ మీద ఓ పెట్టె లేస్తుంది. కింద ఓకే, క్యాన్సిల్. మనిషైతే ఏదో ఒకటి నొక్కేసి ముందుకు పోతాడు. రాత్రంతా తనంతట తాను నడవాల్సిన టెస్టు మాత్రం అక్కడే చతికిలబడుతుంది.

ఈ పెట్టెలు జావాస్క్రిప్ట్‌తో పాటు వచ్చినవే. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఆ భాషను రూపొందించారు. అందులోని అలర్ట్, కన్ఫర్మ్, ప్రాంప్ట్ మూడూ మొండివే. జవాబు చెప్పేదాకా పేజీలోని కోడ్‌ను కదలనివ్వవు.

2004లో షికాగోలో, థాట్‌వర్క్స్ ఉద్యోగి జేసన్ హగ్గిన్స్ ఇలాంటి టెస్టులు నడిపే సాధనం సెలీనియంను మొదలుపెట్టారు. అప్పట్లో అది కూడా పేజీ లోపల నడిచే జావాస్క్రిప్టే. పెట్టె తెరుచుకుంటే పేజీతో పాటు తనూ ఆగిపోయేది. అందుకే అసలు తెరుచుకోకుండా చేశారు. బ్రౌజర్ ఇచ్చిన అలర్ట్ ఫంక్షన్ తీసేసి, ఆ పేరుతోనే తమ ఫంక్షన్ పెట్టారు. పేజీ అలర్ట్‌ను పిలిస్తే తెర మీద ఏమీ కనిపించేది కాదు, సందేశం మాత్రం నమోదయ్యేది. కన్ఫర్మ్ అడిగితే ‘ఓకే’ అని జవాబు వెళ్లేది. నమోదైన సందేశాన్ని టెస్టు చదవకుండా వదిలేస్తే తర్వాతి ఆదేశం ఫెయిలయ్యేది. పేజీ లోడవుతూనే వచ్చే అలర్ట్‌కు మాత్రం ఈ ఉపాయం పారలేదు. అసలు పెట్టే లేచేది, ఎవరో వచ్చి ఓకే నొక్కాల్సి వచ్చేది.

సైమన్ స్టీవర్ట్ మొదలుపెట్టిన వెబ్‌డ్రైవర్ దారి మార్చింది. పేజీ లోపలి నుంచి కాకుండా, బయటి నుంచి బ్రౌజర్‌నే నడిపింది. 2011లో వచ్చిన సెలీనియం 2లో సెలీనియం, వెబ్‌డ్రైవర్ రెండూ ఒకటయ్యాయి. నిజమైన పెట్టె లేచినా, అందులోని మాట చదివి బటన్ ఎంచుకోవడం ఇప్పుడు టెస్టు చేతిలో పనే.

మరి టెస్టు ఊహించని పెట్టె వస్తే? 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదించిన వెబ్‌డ్రైవర్ ప్రమాణం దీనికీ నియమం పెట్టింది. వేరే ఏర్పాటు చేయకపోతే వెబ్‌డ్రైవర్ క్యాన్సిల్ కొట్టి పెట్టెను మూసేస్తుంది, ‘అనుకోని అలర్ట్ వచ్చింది’ అని ఎర్రర్ కూడా ఇస్తుంది. రికార్డు తీసేయమంటారా అన్న ప్రశ్నకు వద్దనడమే క్షేమం కదా!

అసలు కీలకం ఆ ఎర్రర్‌లోనే ఉంది. వచ్చిన ప్రతి పెట్టెనూ గుట్టుగా మూసేస్తే టెస్టులన్నీ పాసవుతాయి. ‘సేవ్ కాలేదు’ అని పేజీ మొత్తుకున్నా ఎవరికీ తెలియదు. పెట్టెను మూయడం సులువే, అది ఏం చెప్పిందో లాగ్‌లోకి ఎక్కించినప్పుడే ఆ టెస్టును నమ్మగలం.