బక్కచిక్కిన కూనకు ఆహారం

వీధినుండి ఇంటికి తెచ్చిన కుక్కకూన డొక్కలు లోనికి పోయి, ప్రక్కటెముకలు లెక్కింపదగినట్లు ఉన్నపుడు, ఎవరికైనను మొదట తోచేది గిన్నెడు పాలు ముందుంచడం. జాలి మంచిదే, కాని ఆ గిన్నెడు పాలే కూనకు ముప్పు కావచ్చును.

తల్లికుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కంటె రెట్టింపునకు పైగా ఉంటవి; పాలచక్కెర మాత్రం తక్కువ. అందువల్ల ఆవుపాలు కూనకు చాలినంత బలమీయవు సరికదా, విరేచనాలు పట్టించి ఒంటిలోని నీటిని హరించగలవు.

చాల దినాలు పస్తున్న శరీరానికి మరొక గండం కలదు. ఒక్కసారిగా కడుపార తిన్నచో రక్తంలోని భాస్వరం, పొటాషియం కణాలలోనికి తరలిపోయి, గుండె లయ తప్పవచ్చును. 1945లో యూరపులోని నిర్బంధ శిబిరాలనుండి విముక్తులైనవారిలో కొందరు, తిండి దొరికిన పిదప మరణించడానికి ఇదొక కారణం. మనిషికైనా, కుక్కకైనా ఈ ధర్మం ఒక్కటే.

కనుక కూనను వెచ్చగా ఉంచి, మంచినీరు అందుబాటులో పెట్టి, మొదట పశువైద్యునికి చూపవలెను. కడుపులోని కొంకిపురుగులు రక్తం పీల్చుచున్నంత కాలం ఎంత తిండి పెట్టినను ఒంటబట్టదు. వైద్యుడు చెప్పిన కొలతను దినానికి నాలుగైదు సారులుగా పంచి పెట్టి, కొన్ని దినాలలో క్రమంగా పెంచవలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు, ఉడికిన ఎముకలు తగవు.

ప్రతిదినం ఒకే వేళకు తూచి వ్రాసి ఉంచుకొనడం విద్యార్థులు చేయగల పని. తూకం తగ్గినను, తినడం మానినను వెంటనే వైద్యుని ఆశ్రయింపవలెను. ప్రక్కటెముకలు కంటికి కానరాక, చేతికి మాత్రం తగులునంతవరకు పెరిగిననాడు కూన కోలుకొన్నట్లు.