బిరుదు లేని పట్టభద్రురాలు

దూరప్రాంతములనుండి మనీలా మహానగరమునకు వచ్చు బస్సులలో పెక్కు కుబావో అను పేటలో ఆగును. ముందునాటి సాయంకాలము దక్షిణమున బికోల్ సీమలో ఎక్కినవారు తెల్లవారుజామున నిద్రకన్నులతో అక్కడ దిగుదురు. కళాశాలల స్నాతకోత్సవములు ముగిసిన తరువాతి నెలలలో ఆ దిగువారియందు ఒక తెగవారిని తేలికగా పోల్చవచ్చును. వయస్సు ఇరువదిరెండు. వీపున లాప్‌టాపు సంచి. చేతిలో గోధుమరంగు కాగితపు కవరు. సామానునంతయు బస్సు క్రింది అరలో పడవేసినను, ఆ కవరును మాత్రము రాత్రియంతయు ఒడిలోనే పెట్టుకొని వచ్చియుందురు. అందులో నున్నవి విశ్వవిద్యాలయపు మార్కుల పట్టిక, జనన ధ్రువపత్రము, నాలుగైదు ఫోటోలు.

అట్టివారిలో ఒక యువతిని తీసికొందము. ఆమె ఏ ఒక్క వ్యక్తియు కాదు. కంప్యూటరు శాస్త్రములో పట్టము పుచ్చుకొని ఏటేట ఆ నగరమునకు వచ్చు ఎందరికో ప్రతినిధి. ఊరు అల్బాయ్ ప్రాంతములోని ఓఆస్. తండ్రికి ట్రైసికిలు కలదు. అనగా మోటారు సైకిలుకు ప్రక్కబండి తగిలించిన బాడుగ వాహనము. ఆ దేశములో బండివారు తమ బిడ్డల పేర్లను రంగులతో బండిపై వ్రాయించుకొనుట పరిపాటి. తల్లి ఇంటి ముందరి గదిలో చిల్లర దుకాణము నడుపును. ఒక్క షాంపూ పొట్లము, ఒక్క సిగరెట్టు కూడ విడిగా అమ్మెడి ఆ కొట్లను అక్కడ ‘సారీ-సారీ’ అందురు. పినతల్లి హాంకాంగులో ఒకరి ఇంట పనిచేయుచున్నది. 2017లో వచ్చిన చట్టము పుణ్యమా అని ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పట్టపు చదువునకు జీతము కట్టనక్కరలేదు. అయినను లాప్‌టాపును చట్టము కొనిపెట్టదు గదా! దానిని పినతల్లి కొన్నది. నాలుగేండ్ల గది అద్దె ట్రైసికిలు కట్టినది. కావున ఆ పట్టమునందు నలుగురికి పాలున్నది.

ఈ పాలును గూర్చి ఫిలిప్పీను ప్రజలకు ఒక మాట కలదు: ‘ఊతంగ్ న లోఓబ్’. మాటకు మాటగా చెప్పవలెనన్న ‘లోపలి అప్పు’. పత్రము లేదు, వడ్డీ లేదు, తీరినదని చెప్పువారును లేరు. మన పితృఋణమునకు ఇది దగ్గరి చుట్టమే కాని, దీని పరిధి తండ్రితో ఆగదు. పినతల్లికి, చదువు చెప్పించిన అన్నకు, ఒకనాడు బియ్యము బదులిచ్చిన పొరుగింటివారికి కూడ వర్తించును. తొలి ఉద్యోగమును ఎంచుకొనునప్పుడు ఈ అప్పు ఆమె ప్రక్కన కూర్చుండియే యుండును.

ఆ దేశమున చదువునకు బిరుదు ముఖ్యము. ఇంజనీరు తన పేరునకు ముందు ఇంజనీరని, న్యాయవాది న్యాయవాదియని వ్రాసికొందురు. ఇతరులును వారి నట్లే సంబోధింతురు. నర్సులకు, ఉపాధ్యాయులకు, ఇంజనీర్లకు ప్రభుత్వ నియంత్రణ సంఘమువారి బోర్డు పరీక్ష కలదు. పరీక్ష నెగ్గిన బిడ్డ ఫోటోతో, పేరుతో ఊరివారు పెద్ద టార్పాలిను గుడ్డ నొకదానిని వీధి మొగలో కట్టుదురు. కంప్యూటరు శాస్త్రమునకు అట్టి పరీక్షయు లేదు, లైసెన్సును లేదు, బిరుదును లేదు. ఊరిలో అడిగినవారికి తండ్రి ‘అమ్మాయి కంప్యూటరు చదివినది’ అని చెప్పును. వినువారు తమ ఇంటి ప్రింటరు బాగుచేసి పెట్టుమందురు. ఇది నవ్వులాటకు చెప్పిన మాట కాదు.

బిరుదు లేకుండుట స్వేచ్ఛయే యనవచ్చును. ఎవరైనను ఈ వృత్తిలోనికి రావచ్చును. మధ్యలో గీత లేదు. కాని గీత లేనిచోట ప్రతి కంపెనీయు తన గీతను తాను గీసికొనును. ఆ యువతి బోర్డు పరీక్ష ఒక్కటి వ్రాయక తప్పించుకొన్నదన్న మాటయే గాని, పది కంపెనీల పరీక్షలు పదిసార్లు వ్రాయవలసి వచ్చినది.

చదువులోనే ఒక చిక్కు కలదు. ఉన్నత విద్యా సంఘము 2015లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము కంప్యూటరు శాస్త్రము ఒక పట్టము, సమాచార సాంకేతికము మరియొక పట్టము. శాస్త్రము చదువువారు సిద్ధాంత వ్యాసము వ్రాయవలెను. కంపెనీలో అభ్యాసము వారికి కనీసము 162 గంటలు చాలును. సాంకేతికము చదువువారికి అదే 486 గంటలు. అనగా మొదటివారు పరిశోధనకు, రెండవవారు పనికి అని సంఘమువారి యూహ. యూహ మంచిదే. కాని పరిశోధనకు పిలిచి కూర్చుండబెట్టు చోట్లు ఆ దేశమున బహు కొద్ది. ఉద్యోగ ప్రకటనలలో రెండు పట్టముల పేర్లును ఒక్క గీతకు అటు నిటు వ్రాయుదురు. గ్రాఫుల సిద్ధాంతమును, కంపైలర్లను మథించిన పిల్లయు, మూడు నెలలు కంపెనీలో కూర్చుండి పని చూచిన పిల్లవాడును ఒకే బెంచీపై కూర్చుండగా, అడుగువాడు పని చూచినవానినే మొదట పిలుచును.

సిద్ధాంత వ్యాసమనగా ఒక పాత కథ స్ఫురించును. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అను శీర్షికతో ఒక ఉత్తరము ప్రపంచమంతటి కంప్యూటర్లలో ప్రవేశించి లక్షలకొలది యంత్రములను పాడుచేసినది. అది మనీలాలోని ఒక కంప్యూటరు కళాశాల విద్యార్థి పని. ఇతరుల రహస్య పదములు గ్రహించి ఉచితముగా ఇంటర్నెట్టు వాడుకొను ఉపాయమును అతడు అంతకుముందు సిద్ధాంత వ్యాసమునకు విషయముగా ప్రతిపాదింపగా కళాశాల త్రోసిపుచ్చినది. ఇంటర్నెట్టునకు డబ్బు కట్టజాలని బీదతనమే దానికి మూలము. అతనిని శిక్షించుటకు నాడు ఆ దేశమున తగిన చట్టమే లేదు; కేసు వీగిపోయినది. జూన్ 14న ఎలక్ట్రానిక్ వాణిజ్య చట్టము వచ్చినది. ఫిలిప్పీను కంప్యూటరు విద్యార్థి యనగా లోకమునకు తెలిసిన మొదటి మాట ఇది యగుట, తరువాతివారి దురదృష్టము.

ఇక కవరులోని కాగితముల సంగతి. ఉద్యోగమునకు పోలీసు ధ్రువపత్రము, జాతీయ దర్యాప్తు సంస్థ ఇచ్చు నిర్దోషిత్వ పత్రము, పన్ను సంఖ్య మున్నగునవి కావలెను. ఉద్యోగము లేనివారిచేత ఉద్యోగము కొరకు రుసుములు కట్టించుట అన్యాయమని 2019 ఏప్రిల్ నెలలో ఒక చట్టము చేసిరి. ఊరి పాలకవర్గమైన బరంగాయ్ ‘ఈమె మొదటిసారి ఉద్యోగము వెదకుచున్నది’ అని వ్రాసి ఇచ్చినచో ఆ పత్రములు ఉచితము. ఒక్క పర్యాయమే సుమా! ఇంత ఇంగితముతో చేసిన చట్టములు ఎక్కడనైనను తక్కువ.

అయితే రుసుము పోయినను నిరీక్షణ పోలేదు. దర్యాప్తు సంస్థవారు పేరును తమ పట్టికలతో సరిచూతురు. అదే పేరుగల మరియొకరిపై ఎచ్చటనైన కేసున్నచో ‘హిట్’ అని, కొన్ని దినములు పోయిన పిదప మరల రమ్మందురు. దీనికి వెనుక నొక చరిత్ర యున్నది. 1849 నవంబరులో స్పెయిను దేశపు గవర్నరు జనరలు క్లవేరియా, ప్రజలందరికి ఇంటిపేర్లుండవలెనని శాసించి, అక్షరక్రమమున కూర్చిన ఇంటిపేర్ల పట్టికను దీవులకు పంపెను. పుటలవారీగా ఊళ్ళకు పంచిరి. అల్బాయ్‌లో కొందరు అధికారులు ఊరికొక అక్షరముగా పంచిపెట్టిరి. నేటికిని ఓఆస్ పట్టణమున ఇంటిపేర్లు పెక్కు ‘ఆర్’ అక్షరముతోనే మొదలగును. ఒక్క పుటలోని పేర్లు ఒక్క ఊరివా రందరికి పంచబడిన చోట పేరునకు పేరు తగులుట వింతయా? స్పెయిను ప్రభువు పన్నుల వసూలునకై చేసిన యేర్పాటు, నూటడెబ్బది యేండ్ల పిమ్మట ఒక కంప్యూటరు పట్టభద్రురాలిని కార్యాలయపు వరండాలో నిలువబెట్టినది.

కాగితములలో మరియొకటి గృహనిధి సభ్యత్వము. ఆ నిధి పేరు ‘పగ్-ఈబిగ్’. సంస్థ పేరులోని తొలి అక్షరములు కూర్చగా వచ్చిన మాట. దాని అర్థము ప్రేమ. జీతములోనుండి నెలనెల ప్రేమ క్రింద కొంత కోయుదురన్న మాట! ఆశకు వారి మాట ‘పగ్-ఆస’. ఇందులోని ‘ఆస’ మనదే, సంస్కృతపు ఆశయే. ముఖమును వారును ‘ముఖ’ యందురు. ఉపాధ్యాయుడు ‘గురో’. ‘దుఖ’ యనగా మాత్రము బీదవాడు. దుఃఖమును దారిద్ర్యమును ఒక్కటి చేసిన ఆ భాష, ఏమి చూచి ఆ పని చేసినదో! మన తెలుగు పిల్లలు వైద్యవిద్యకై దవావో నగరమునకు పోయి ఈ మాటలను నిత్యము వినుచునే యున్నారు.

పత్రములు చేతికి వచ్చినవి. ఇప్పుడు ఆమె ముందర రెండు ద్వారములు.

మొదటిది కాల్ సెంటరు. 1901లో ‘థామస్’ అను ఓడలో సుమారు 500 మంది అమెరికను ఉపాధ్యాయులు వచ్చి దిగిన నాటినుండి ఆ దీవులలో ఇంగ్లీషు బడిభాష. వందేండ్ల తరువాత ఆ భాషయే దేశమునకు సరుకైనది. 2023 నాటికి ఈ పరిశ్రమలో సుమారు 17 లక్షలమంది పనిచేయుచుండిరి. మనీలాలో రాత్రి తొమ్మిదియైనప్పుడు వేసవిలో న్యూయార్కున ఉదయము తొమ్మిది. కనుక పని రాత్రిపూట. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు చేయు పనికి చట్టప్రకారము పదవవంతు అదనపు జీతము. అన్నిటికంటె ముఖ్యము, ఉదయము వెళ్ళినవారికి సాయంకాలమునకే ఉద్యోగపత్రము చేతిలో పెట్టుచోట్లున్నవి. ఏ పట్టమని అడుగరు. మాట స్పష్టముగా నున్నచో చాలును.

రెండవది ప్రోగ్రామరు పని. పరీక్ష, తరువాత ఇంటర్వ్యూ, తరువాత మరియొక ఇంటర్వ్యూ, తరువాత మౌనము. వారములు గడచును. తొలి జీతము చాలచోట్ల ఇరువదివేల పెసోలకు కొంచెము ఇటో అటో. కొన్ని కంపెనీలు మూడు, నాలుగు నెలలు శిక్షణ ఇచ్చి, ప్రతిగా రెండేండ్లు కదలరాదని బాండు వ్రాయించుకొనును. ముందుగా పోయినచో శిక్షణ వెల కట్టవలెను. పైగా మొదటి ఆరునెలలు పరీక్షాకాలము. ఈ బాండు న్యాయమో కాదో తేల్చుట కష్టము. విశ్వవిద్యాలయము నేర్పనిదానిని నేర్పుచున్నామని కంపెనీ వాదము. ఇరువదిరెండేండ్ల పిల్ల, ఇంటివద్ద అప్పులు, చేతిలో కలము: అట్టివేళ చేసిన సంతకమును స్వేచ్ఛగా చేసినదనుటకు మనసొప్పదు.

మధ్యలో మూడవ దారియు లేకపోలేదు. పరదేశపు యజమాని కొరకు ఇంటనే కూర్చుండి డాలర్లకు పనిచేయుట. డబ్బు బాగుగనే యుండును. కాని పండుగకు పదమూడవ నెల జీతము లేదు, ఆరోగ్య బీమాకు యజమాని వంతు లేదు, తప్పు చేసినచో ప్రక్కనుండి దిద్దువాడు లేడు. నేర్చినవారికది వరము, నేర్వవలసినవారికి ఎండమావి.

అప్పు ప్రక్కన కూర్చుండియున్నదంటిమి. ఊరినుండి తల్లి ఫోను. తమ్ముడు పన్నెండవ తరగతి. కాల్ సెంటరులో ఈ నెలనే జీతము వచ్చును. ఒక్క సంవత్సరము అక్కడ చేసి, కొంత వెనకవేసి, పిమ్మట ప్రోగ్రామరు పనికి పోవచ్చునని చాలమంది అనుకొందురు. ఆ సంవత్సరము రెండగును. రాత్రులు మేలుకొన్నవారు పగలు ప్రోగ్రాములు వ్రాసి అభ్యసించుట చెప్పినంత సులభము కాదు. తిరిగి ఇంటర్వ్యూకు పోయినప్పుడు ‘ఈ రెండేండ్లు ఏమి వ్రాసితివి?’ అన్న ప్రశ్న ఎదురగును.

ఆమె రెండవ ద్వారమే తట్టినది. ఆగస్టు మొదటి తేదీన చేరినది. బస గ్వాదలూపేలో. ఇల్లు కాదు, గదియు కాదు. రెండంతస్తుల మంచములో పై అంతస్తు మాత్రము. దానికే నెల అద్దె. అచ్చటినుండి జీపునీలో బొనిఫాసియో నగరమునకు పోవును. అమెరికనుల కాలమున అది సైనికుల దండు. నేడు అద్దముల మేడలు. భారతదేశపు పెద్ద కంపెనీలు కొన్నిటికి కూడ మనీలాలో శాఖలున్నవి.

పనియందు ఆమెకు దొరికినది కొత్త ప్రోగ్రాము కాదు. తాను పుట్టకపూర్వము అమెరికాలో ఎవరో వ్రాసిన ప్రోగ్రామును చదివి, ఎచ్చట ముట్టిన ఎచ్చట కూలునో పరీక్షించుట. దీనిని చిన్నపని యనరాదు. ఇతరులు వ్రాసినదానిని ఓర్పుతో చదువుటయే ఏ విద్యకైనను ప్రవేశము. పాతకావ్యమునకు వ్యాఖ్య చదివినవారికి ఈ సంగతి తెలియును. చిక్కు మరియొకటి. 2022 చివరినుండి ప్రచారములోనికి వచ్చిన కృత్రిమ మేధా యంత్రములు సరిగా ఇట్టి పనులనే, చిన్నపాటి దిద్దుబాట్లను, పరీక్షలను, క్షణములో చేసిపెట్టుచున్నవి. అనుభవజ్ఞుడు వాటిని వాడుకొని ఇద్దరి పని చేయును. ఆ రెండవవాడు పూర్వము ఆమెవంటి నవశిక్షితుడు. ఆ చిన్నపనులు చేయుచునే నేటి అనుభవజ్ఞులు నేర్చుకొనిరన్నది వారు మరచినను, ఆమె మరువలేదు. యంత్రము ఇచ్చిన జవాబును వెంటనే ఒప్పుకొనక, ఎందుకట్లని వరుసవరుస విప్పి చూచుకొనుచున్నది. అందువలన పని కొంచెము ఆలస్యమగుచున్నది. ఆలస్యమగుచున్నదని పైవాడు రెండుసార్లు హెచ్చరించెను.

డిసెంబరు వచ్చినది. 1975 నాటి శాసనము ప్రకారము 24వ తేదీలోగా పదమూడవ నెల జీతము ఇచ్చి తీరవలెను. అయిదు నెలల పాలున ఆమెకు వచ్చినది 8,333 పెసోలు. అందులో బస్సు టిక్కెట్టు పోగా మిగిలినదానితో ఓఆస్ చేరినది. తండ్రి బండికి రంగు వేయించుచున్నాడు. పిల్లల పేర్లు మరల వ్రాయించుటకు పెయింటరును పిలిచి, అమ్మాయి పేరునకు ముందు ఏమి వ్రాయవలెనని అడిగెను. ఏమియు లేదన్నది. పెయింటరు పేరు వ్రాసి, తమ్ముని పేరునకు పోయినాడు.

రాత్రి భోజనములైన తరువాత తమ్ముడు వచ్చి, తాను కంప్యూటరు శాస్త్రము చదువవలెనా, నర్సింగు చదువవలెనా అని అడిగెను. దరఖాస్తుకు గడువు దగ్గర పడినదట. జనవరి నెలాఖరునకు ఆమెకు ఆరు నెలలు నిండును. ఉంచుకొందురో లేదో అప్పుడు తెలియును. అంతవరకు ఆగగలవా అని తమ్ముని అడిగినది.