స్టీరింగు ఆడుతోందా? లోడు ఎత్తకముందే చూసుకోండి

ధాన్యం లోడుతో కాలువగట్టు మీద పోయేటప్పుడు టైరాడ్ ఎండ్ ఊడితే, స్టీరింగు ఎటు తిప్పినా ట్రాక్టరు మాట వినదు. అందుకే రైతులు సీజనుకు ముందే చూసుకోవాలి.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి దిమ్మె పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆడుతోందా? బేరింగో, కింగ్‌పిన్ బుష్షో అరిగినట్టే. పక్కలకు ఊపినప్పుడే ఆడితే టైరాడ్ ఎండ్‌లను అనుమానించాలి.

అరిగిన ఎండ్‌కు వెల్డింగు పెట్టించొద్దు, కొత్తదే వేయించాలి. పాతది ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్ని చుట్లే ఎక్కించాలి. స్ప్లిట్ పిన్ను కూడా కొత్తదే వేయాలి. ఆనక టో-ఇన్ కొలిపించాలి. అది ట్రాక్టరు పుస్తకంలో చెప్పినంత లేకపోతే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి. గ్రీజు మాత్రం మరవకండి.