అరబ్బీ గుర్రము - దాని పోషణ



పశువుల సంగతి వచ్చినప్పుడు మనము ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక అని లెక్కపెడతాము గాని గుర్రాన్ని తలచుకోము. అయినా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి వైపు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను పెంచేవారున్నారు. ఆదిలాబాద్, నిర్మల్ వైపు నుండి నాందేడ్ జిల్లాలోని మాళేగావ్ జాతర దూరము కాదు. అక్కడి ఖండోబాను మనవాళ్ళు మల్లన్నగానే కొలుస్తారు. ఏటా డిసెంబరు, జనవరి ప్రాంతములో జరిగే ఆ జాతరలో గుర్రాల సంత పెద్దది. అక్కడ ఒక మాట వినపడుతుంది: "ఇది అసలు అరబ్బీ, పటేలా! ఇట్లాంటిది మళ్ళా దొరకదు." ఆ ఒక్క మాటకు ధర ఎంతో పెరుగుతుంది. కనుక ఈ జాతి ఏమిటి, దాన్ని ఎట్లా గుర్తుపట్టవలెను, ఇంటికి తెచ్చుకుంటే ఎట్లా సాకవలెను అనే సంగతులు ఈనాడు ముచ్చటించుకుందాము.

అరేబియా గుర్రము మన దేశానికి కొత్త కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనములో, పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాక్కొనేవారని, తాను మాత్రము న్యాయమైన సుంకము తప్ప మరేమీ తీసుకోనని వర్తకులకు అభయమిచ్చాడు. గుర్రము ఓడల మీద వచ్చే విలువైన సరుకని దీనివల్ల తెలుస్తున్నది. గంగయసాహిణి వంటి పేర్లలోని 'సాహిణి' అనే మాట కూడా గుర్రపుదళపు అధికారినే సూచిస్తుంది.

అదే శతాబ్దము చివర వచ్చిన మార్కో పోలో అనే వెనిసు యాత్రికుడు, మనకు దక్షిణాన ఉన్న తమిళ తీరపు రాజులను గూర్చి ఒక సంగతి రాశాడు. వారు అరేబియా, పారశీక రేవుల నుండి ఏటేటా వేలకొద్దీ గుర్రాలను కొంటారట. సంవత్సరము తిరిగేసరికి వాటిలో ఎక్కువ భాగము చచ్చిపోతాయట. కారణము? అక్కడ గుర్రాన్ని చూడనేర్చినవారు లేరు, గిట్టల పని తెలిసినవారు లేరు, పైగా అన్నము, మాంసము కలిపి వండి పెట్టేవారు. రాజుకు డబ్బున్నది గనుక మళ్ళీ కొన్నాడు. మనము అట్లా కొనగలమా? ఆలోచించండి.

ఇక జాతి లక్షణాలు. అరబ్బీ గుర్రము మరీ పెద్దది కాదు. వీపు మొదట కొలిస్తే 56 నుండి 61 అంగుళాల ఎత్తు, 400 కిలోల అటూ ఇటూ బరువు ఉంటుంది. నుదురు వెడల్పు, ముక్కు దూలము కొంచెము లోపలికి వంగి ఉండును. కండ్లు పెద్దవి, ముక్కుపుటాలు వెడల్పు, వీపు పొట్టి. పరుగులో తోక జెండా వలె పైకెత్తును. చర్మము పలుచన. ఎడారిలో అరబ్బులు దీన్ని తమ గుడారాలలోనే కట్టుకొని, పిల్లలతో సమానముగా పెంచారు. అందుకే మనిషి మాట త్వరగా పట్టుకుంటుంది, మనిషి దెబ్బను కూడా త్వరగా మరచిపోదు. దూరపు పరుగుకు దీనిని మించినది అరుదు. అమెరికాలో 1955 నుండి జరుగుతున్న 160 కిలోమీటర్ల ఒకరోజు పందెములో ఎక్కువగా గెలిచేవి అరబ్బీలే.

సంతలో అరబ్బీ అని చెప్పే వాటిలో ఎక్కువ భాగము మార్వాడీ, కాఠియావాడీ లేక కలగలుపు గుర్రాలు. ఒక సులువైన గుర్తు చెప్తాను. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకుతున్నట్లుంటే అది మార్వాడీ లేక కాఠియావాడీ రక్తము. అవి చెడ్డ జాతులని కాదు. మన ఎండకు, మన మేతకు అవే సులువుగా ఓర్చుకుంటాయి. కాని కాఠియావాడీని కొని అరబ్బీ ధర చెల్లించడము ఎందుకు? నిజమైన అరబ్బీకి వంశావళి పుస్తకములో నమోదు, తల్లిదండ్రుల పేర్లతో కాగితము, మెడలో మైక్రోచిప్ నంబరు ఉండవలెను. కాగితము చూపనివాని మాటకు పది రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వరాదు.

కొనేముందు నోరు తెరిచి చూడండి. ముందరి పాలపళ్ళు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏండ్లకు జత జతగా ఊడి గట్టిపళ్ళు వస్తాయి. అయిదేండ్లకు నోరు నిండును. తరువాత గట్టినేల మీద నడిపించి, దుడుకు నడకన పరుగెత్తించండి. అడుగడుగుకు తల పైకి ఎగరవేస్తుంటే కాలు నొప్పి ఉన్నట్లే. ముక్కు నుండి చీమిడి కారుతున్నదా, చర్మము మీద గడ్డలు, పుండ్లు ఉన్నవా చూడండి. పశువైద్యునికి చూపించనిదే బయానా ఇవ్వకండి.

కొనడము ఒక రోజు ఖర్చు, మేపడము 365 రోజుల ఖర్చు. 400 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత కావలెను. సంవత్సరానికి 29 క్వింటాళ్ళు. రోజుకు 2 కిలోల దాణా వేస్తే ఏడు క్వింటాళ్ళ పైచిలుకు. ముహూర్తాలు ఏడాదిలో కొన్ని వారాలే. గుడ్డి గుర్రానికైనా దాణా తప్పదు. ఈ 29 క్వింటాళ్ళ చొప్ప మీ చెలకలో పండుతుందా, కొనవలెనా అన్నది ముందుగా లెక్క వేసుకోండి. గుర్రము 25 ఏండ్లు కూడా బతుకుతుంది.

మేపడములో అసలు కిటుకు దాని కడుపును తెలుసుకోవడము. ఎద్దు గబగబా మేసి, తీరికగా నెమరు వేస్తుంది. గుర్రము నెమరు వేయదు. దాని కడుపు చిన్నది, మేతను పులియబెట్టే సంచి వెనుక పేగులో ఉంటుంది. పైగా గుర్రము వాంతి చేసుకోలేదు. తప్పుడు మేత లోపలికి పోతే బయటికి వచ్చే దారి ఒక్కటే. కాబట్టి కొంచెము కొంచెముగా, ఎక్కువసార్లు పెట్టవలెను. దాణాను మూడు పూటలుగా పంచండి. మేత మార్చవలసి వస్తే వారము పది రోజులలో మెల్లగా మార్చండి.

మన ప్రాంతములో ఎండిన శుభ్రమైన జొన్న చొప్ప, సజ్జ చొప్ప, ఎండుగడ్డి, పచ్చి గరిక, లూసర్ను మంచి మేత. వరిగడ్డి ఒక్కటే పెడితే బలము చాలదు, పేగులో ఉండకట్టే ప్రమాదము కూడా ఉన్నది. దాణాకు ఉలవలు మన పెద్దల ఎంపిక. నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్ళు చేసి, చల్లారిన తరువాత పెట్టవలెను. శనగలు నానబెట్టి కొద్దిగా కలపవచ్చును. ఒక పెద్ద చెంచా ఉప్పు రోజూ వేయండి, లేదా ఉప్పుగడ్డ కట్టండి. రైసుమిల్లు దగ్గర తవుడు సులువుగా దొరుకుతుందని బుట్టలకొద్దీ పెట్టరాదు. తవుడులో భాస్వరము ఎక్కువ, సున్నము తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకల్లోని సున్నము కరిగి, ముఖపు ఎముకలు ఉబ్బి, కాళ్ళు కుంటుపడును.

ఇప్పుడు చెప్పే అయిదు సంగతులు గోడ మీద రాసి పెట్టుకోండి.

ఒకటి, బూజు పట్టిన మక్కలు. వాటిలోని విషము గుర్రపు మెదడును కరిగిస్తుంది. బర్రె తిని బతికిందని గుర్రానికి వేయరాదు.

రెండు, కోళ్ళ దాణా. రక్త పారుడు రాకుండా అందులో మోనెన్సిన్ వంటి మందులు కలుపుతారు. అది కోడికి మందు, గుర్రానికి గుండెను చంపే విషము. కరీంనగర్ చుట్టూ కోళ్ళ ఫారాలున్నవి గనుక మిగిలిన దాణా బస్తా చవకగా వచ్చినా ముట్టవద్దు.

మూడు, ఆముదపు గింజలు. పిడికెడు దాణాలో కలిసినా ప్రాణాపాయమే.

నాలుగు, పచ్చి జొన్న, సూడాను గడ్డి. మేసిన గుర్రానికి మూత్రాశయము చెడి, నడుము పట్టుతప్పును.

అయిదు, సుబాబుల్ ఆకు. ఎక్కువ మేస్తే జూలు, తోక వెంట్రుకలు ఊడిపోవును.

నీళ్ళు రోజుకు 25 నుండి 40 లీటర్లు, ఎండాకాలము పనిచేసే గుర్రానికి ఇంకా ఎక్కువ కావలెను. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండవలెను. కొట్టము గుర్రానికి 12 అడుగులు పొడవు, 12 అడుగులు వెడల్పు ఉండి, గాలి ఆడవలెను. రామగుండము వైపు మే నెల ఎండ మీకు తెలిసినదే. రేకుల కింద కట్టకండి, పైన చొప్ప పరచండి. ఆదిలాబాద్ చలికాలములో రాత్రి పూట ఈదురుగాలి తగలకుండా ఒక పక్క తడక కట్టండి.

గిట్ట లేనిదే గుర్రము లేదు. మన రేగడి నేల వానాకాలములో గిట్టకు శత్రువు. తడి పెండలో, బురదలో నిలబడితే గిట్ట మధ్యనున్న మెత్తని భాగము నల్లబడి, కుళ్ళి, దుర్వాసన కొట్టును. రోజూ గిట్టల లోపలి మట్టిని తీసి చూడండి. కింద మొరము పోసి ఎత్తుగా చేయండి. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి నాల్‌బంద్ చేత గిట్టలు చెక్కించి, అవసరమైతే నాలు కొట్టించవలెను.

గుర్రాన్ని రోజూ నడిపించవలెను. కట్టేసిన గుర్రము జబ్బు గుర్రము. అయితే పనికి హద్దు ఉన్నది. 1965 నాటి నియమాల ప్రకారము బండి లాగే, బరువు మోసే జంతువు చేత రోజుకు 9 గంటలకు మించి, విరామము లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నము 12 నుండి 3 వరకు పని పెట్టరాదు. ముళ్ళ కళ్ళెము కూడా నిషేధమే. బరాత్‌లో డిజె పెట్టెల పక్కన నిలబెట్టి, పటాకులు కాల్చి, బెదిరించి ఆడించడము గుర్రానికీ కీడు, పైనున్న పెళ్ళికొడుకుకూ కీడు.

ఇక రోగాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది కడుపుశూల. గుర్రము తన డొక్కవైపు తిరిగి తిరిగి చూచును. ముందరికాలితో నేల తవ్వును. పడి పొర్లును, చెమట పట్టును, పెండ వేయదు. వెంటనే మేత తీసివేసి, మెల్లగా నడిపిస్తూ డాక్టరును పిలవండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది. సీసాతో గొంతులో కషాయము, సారా పోయకండి. అది ఊపిరితిత్తిలోకి పోతే శూలతో బతికే గుర్రము మందుతో చచ్చును. నాడి నిమిషానికి 28 నుండి 44 వరకు కొట్టడము మామూలు. 60 దాటితే ప్రమాదమని తెలుసుకోండి. శరీరపు వేడి 99 నుండి 101 డిగ్రీల ఫారన్‌హీటు ఉండవలెను.

వానలు వెనుకబడిన తరువాత జోరీగల వలన సర్రా వస్తుంది. దీని క్రిమిని 1880లో పంజాబులో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు కనుగొన్నాడు. జ్వరము వచ్చి పోతూ ఉంటుంది. గుర్రము చిక్కిపోయి, పొట్ట కింద, కాళ్ళకు నీరు దిగును. బర్రెలలో ఈ క్రిమి కనబడకుండా ఉండి, వాటి నుండి గుర్రానికి అంటగలదు. రక్తపరీక్ష చేయించి మందు ఇప్పించండి. చిన్న మేకు గుచ్చుకున్నా గుర్రానికి ధనుర్వాతము వచ్చును గనుక టీకా తప్పనిసరి.

గ్లాండర్స్ సంగతి మరీ జాగ్రత్తగా వినండి. ముక్కులో పుండ్లు, చిక్కటి చీమిడి, చర్మము కింద వరుసగా గడ్డలు దీని గుర్తులు. ఇది మనిషికి కూడా అంటి ప్రాణము తీయగలదు. దీనికి వైద్యము చేయించరాదు, దాచరాదు. 2009 చట్టము కింద వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలపవలెను. రక్త నమూనా హర్యానాలోని హిస్సారు అశ్వ పరిశోధన కేంద్రానికి పోతుంది. ఖాయమైతే గుర్రాన్ని చంపివేసి, యజమానికి నష్టపరిహారము ఇస్తారు. "నా గుర్రము పోతుందే" అని దాచినవాడు తన ఇంటి పిల్లలను పణము పెట్టినట్లే. అందుకే సంత నుండి తెచ్చిన గుర్రాన్ని కనీసము మూడు వారాలు వేరుగా కట్టి, తొట్టి, బకెటు, దువ్వెన వేరుగా ఉంచండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. రైతు గుర్రము కొంటానని వచ్చినప్పుడు వద్దని గద్దించకండి, బాగున్నదని ఉబ్బించకండి. మేత లెక్క, గిట్టల పని తెలిసిన మనిషి, దగ్గరి పశువైద్యుడు ఈ మూడూ ఉన్నవా అని అడగండి. అనుమానము వస్తే కోరుట్ల పశువైద్య కళాశాల దగ్గరలోనే ఉన్నది.

మూడూ ఉన్న రైతు కొనవచ్చును. అరబ్బీ అయినా, కాఠియావాడీ అయినా ఆ ఇంట్లో గుర్రము వర్ధిల్లుతుంది. వాటిలో ఒకటి తక్కువైనా, ఆ డబ్బుతో పాడిబర్రెను కట్టుకోవడము మేలు. గుర్రము మీద ప్రేమ ఉండడము మంచిదే. కాని ఆ ప్రేమ తొట్టిలో నీళ్ళుగా, గంపలో చొప్పగా, శుభ్రమైన గిట్టగా రోజూ కనబడవలెను.