ఎండ కాచుకున్నాకే తిండి

డాలస్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు గడ్డం తొండని పెంచుతోంది. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. ‘‘పొద్దున్నుంచీ పస్తుంటుంది తాతయ్యా. రాగానే కడుపునిండా పురుగులు పెట్టి, ఎనిమిదింటికి దీపం ఆర్పేస్తున్నా. మొన్న కక్కేసింది’’ అని ఫోన్లో బెంగపడింది.

అమ్మలూ, దీని సంగతి తెలియాలంటే మన హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్లే దారిలో, ఏ మామిడితోట కంచె దగ్గరైనా పొద్దున్నే నిలబడి చూడాలి. నీది ఆస్ట్రేలియా లోపలి మెట్ట నేలల జీవి, ఇది మన ఊరి తొండ. అయినా రెండూ అగామిడే కుటుంబంలోవే, దాయాదులన్నమాట. తెల్లారగానే తొండ కంచె గుంజ ఎక్కి, ఒళ్లు పలచగా పరుచుకుని సూర్యుడికి పక్క చూపిస్తుంది. వేడి త్వరగా పట్టడానికి రంగు కూడా ముదురు చేసుకుంటుంది. ఒళ్లు కాగాక వేటకి దిగుతుంది. పొద్దు వాలితే తిండి మాట మరిచి కొమ్మ చివర చేరి నిద్రపోతుంది.

మన పొయ్యి ఒంట్లోనే రాత్రీపగలూ వెలుగుతుంటుంది. తొండ పొయ్యి ఆకాశంలో ఉంది. తిన్నది అరిగించే ఎంజైములు వెచ్చదనం ఉంటేనే చురుగ్గా పనిచేస్తాయి. నీ తొండ ఒళ్లు 35 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలి. అది ఎండ కాచుకునే చోట 40 డిగ్రీలు ఉంచమనేది అందుకే. తిన్న అరగంటకే దీపం ఆరిపోతే పురుగులు చల్లబడ్డ పొట్టలో అరక్కుండా ఉండిపోతాయి. అది కక్కక ఏం చేస్తుంది?

నీ ఉద్యోగం వేళలు నీ చేతిలో లేవు, దాని సూర్యుడు మాత్రం నీ చేతిలోనే ఉన్నాడు. దీపాలకి టైమరు పెట్టు. పొద్దున తొమ్మిదిన్నరకి వెలిగి రాత్రి తొమ్మిదిన్నరకి ఆరనీ. ఏడున్నరకి తిన్నా అరగడానికి ఇంకా రెండు గంటల ఎండ ఉంటుంది. ఒకసారి పెట్టిన వేళలు రోజూ మార్చకు. ఇంకా మంచిది, ఆఫీసుకి వెళ్లేముందు ఆకుకూర తరిగి గిన్నెలో పెట్టిపో. దీపం వెలిగాక అదే తింటుంది.

పస్తుంటుందన్న బెంగ కూడా వద్దు. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అది తిండిని ఖర్చు పెట్టదు. అంత బరువే ఉన్న కుందేలు పిల్లకి కావలసిన శక్తిలో పదో వంతు దానికి చాలు. పెద్ద తొండకి రోజూ ఆకులు, వారానికి రెండుమూడు సార్లు పురుగులు పెడితే సరి. పిల్ల తొండలు రోజుకి రెండుమూడు సార్లు పురుగులు అడుగుతాయి. నీ పనికి పెద్దదే సరిపోయింది.

ఆకుల్లో పాలకూర తగ్గించు. అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. ఆవకూర, కొలార్డ్ ఆకులు మంచివి. పురుగుల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కాబట్టి కాల్షియం పొడి అద్ది పెట్టు. ఆ కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది తయారవ్వాలంటే అతినీలలోహిత బి కిరణాలు చర్మానికి తగలాలి. కిటికీ పక్కన పెట్టాను కదా అనుకోకు. అద్దం వేడిని రానిస్తుంది కానీ ఆ కిరణాలని ఆపేస్తుంది. ప్రత్యేకమైన ట్యూబులైటే గతి. అదీ వెలుగుతూనే ఉంటుంది గానీ నెలలు గడిచేకొద్దీ ఆ కిరణాలు సన్నగిల్లుతాయి. ఏడాదికోసారైనా మార్చాలి. ఇందులో అశ్రద్ధ చేస్తే ఎముకలు మెత్తబడి వంకర్లు పోతాయి. ఆ బాధ నోరులేని జీవికి రానివ్వకు తల్లీ.

చిన్న రసం మామిడిపండు పెట్టొచ్చా అన్నావు. తొక్క తీసి, గోరంత ముక్క, ఎప్పుడైనా ఒకసారి. తీపి ఎక్కువ, కాల్షియం నామమాత్రం.

సెలవులకి వచ్చినప్పుడు మన తోటలో మిడతలు పట్టి ఆటగా తొండలకి వేసేదానివి. అక్కడ అలా బయట పట్టిన పురుగులు పెట్టకు. ఇక్కడ పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టినట్టే అక్కడి పెరళ్లలోనూ మందులు చల్లుతారు, ఆ విషం పురుగులోంచి తొండలోకి పోతుంది. మిణుగురులైతే మందు తగలకపోయినా విషమే. వాటి ఒంట్లో గోదురుకప్ప విషం లాంటిది ఉంటుంది. ఒక్క మిణుగురు తిన్నా గడ్డం తొండ చచ్చిపోవచ్చు. వేసవిలో దాన్ని పెరట్లోకి తీసుకెళ్తే చీకటి పడకముందే లోపలికి తెచ్చెయ్.