తెలుగులో ఒకే మాట, ఇంగ్లీషులో ఏ విశేషణం?

స్కాలర్‌షిప్ దరఖాస్తుతో పాటు విద్యార్థి తన గురించి, కుటుంబ పరిస్థితి గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాయవలసి రావడం మామూలే. ఆ పేజీ చదివేవారికి విద్యార్థి ముఖం తెలియదు. రాసిన మాటలే ఆధారం. వ్యాకరణం సరిగానే ఉన్నా, ఒక్క విశేషణం అటూ ఇటూ అయితే చెప్పదలచిన సంగతి మారిపోతుంది.

చిక్కు ఎక్కడ?

పెద్ద ఇల్లు, పెద్ద వాన, పెద్ద గొంతు, పెద్దన్నయ్య – తెలుగులో అన్నింటికీ "పెద్ద" సరిపోతుంది. ఇంగ్లీషులో ఇల్లు బిగ్ లేక లార్జ్, వాన హెవీ, గొంతు లౌడ్, అన్నయ్య ఎల్డర్. కన్నడంలో "దొడ్డ", తమిళంలో "పెరియ", ఒడియాలో "బడ", మరాఠీలో "మోఠా" కూడా ఇలాగే చాలాచోట్ల ఒదిగే మాటలు. అందుచేత ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష వచ్చిన పిల్లలకు కూడా ఈ ఇబ్బంది తప్పదు. దరఖాస్తులలో తరచు అవసరమయ్యే కొన్ని మాటలు చూద్దాం.

ఎకనామిక్ – ఎకనామికల్

ఎకనామిక్ అంటే ఆర్థిక సంబంధమైనది. ఎకనామికల్ అంటే పొదుపైనది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే బండి ఎకనామికల్. కాబట్టి "అవర్ ఎకనామికల్ కండిషన్" అని రాయకూడదు. ఇంటి రాబడి, అప్పు, ఫీజుల గురించి చెప్పేటప్పుడు "ఫైనాన్షియల్ కండిషన్" అంటే ఇంకా బాగుంటుంది. ఈ పొరపాటుకు ఒక కారణం ఉంది. రెండు విశేషణాలకూ క్రియావిశేషణం "ఎకనామికల్లీ" ఒక్కటే. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 10 శాతం రిజర్వేషను "ఎకనామికల్లీ వీకర్ సెక్షన్స్" కోసం. ఆ పేరు చూసి విశేషణం కూడా ఎకనామికల్ అనుకోవద్దు.

పూర్ స్టూడెంట్

"అయామ్ ఎ పూర్ స్టూడెంట్" అంటే చదువులో వెనుకబడినవాడినని కూడా అర్థం వస్తుంది. మంచి మార్కులు తెచ్చుకుని సహాయం అడిగేవారికి ఇది నష్టం. "అయామ్ ఫ్రమ్ ఎ పూర్ ఫ్యామిలీ" అని రాస్తే సందేహం ఉండదు.

ఎల్డర్ – ఓల్డర్

అన్న, అక్క అని వరుస చెప్పేటప్పుడు ఎల్డర్. వయసు పోల్చేటప్పుడు ఓల్డర్. ఎల్డర్ తరువాత "దాన్" రాదు. "మై ఎల్డర్ సిస్టర్ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ" అన్న వాక్యంలో రెండూ తమ తమ చోట్ల ఉన్నాయి.

హిస్టారిక్ – హిస్టారికల్

చరిత్రలో నిలిచిపోయేది హిస్టారిక్. చరిత్రకు సంబంధించినది ఏదైనా హిస్టారికల్. 1954లో యానాంలో ఫ్రెంచి పాలన ముగియడం హిస్టారిక్ సంఘటన. ఆ కాలపు కాగితాలు హిస్టారికల్ పత్రాలు.

ఇండస్ట్రియల్ – ఇండస్ట్రియస్

మొదటిది పరిశ్రమలకు సంబంధించినది. రెండవది కష్టపడి పనిచేసే మనిషికి చెప్పేది. విద్యార్థి ఇండస్ట్రియస్, అతడు శిక్షణ పొందే సంస్థ ఇండస్ట్రియల్.

అలవాటు చేసుకోవలసినవి

విశేషణాన్ని ఒంటరిగా బట్టీ పట్టకండి. పక్కనున్న నామవాచకంతో కలిపి, "హెవీ రెయిన్", "లౌడ్ వాయిస్" అని జంటగా నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో అర్థం చూసిన తరువాత, ఉదాహరణ వాక్యాలు ఉన్న లెర్నర్స్ డిక్షనరీ కూడా చూడండి. ఎ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధిస్తూ, మరి ఇద్దరితో కలిసి విదేశీ విద్యార్థుల కోసం కూర్చిన నిఘంటువు 1942లో అక్కడే అచ్చయింది. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. మనలా ఇంగ్లీషును మరో భాషగా నేర్చుకునేవారి కోసమే అది పుట్టింది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఇంగ్లీషు రాకపోయినా సహాయం చేయవచ్చు. దరఖాస్తు పంపే ముందు పిల్లల చేత ఒక్కొక్క వాక్యం చదివించి, దాని అర్థం తెలుగులో చెప్పమనండి. మీ ఇంటి సంగతి మీకంటె ఎవరికీ తెలియదు. చెప్పిన అర్థం ఎక్కడైనా తేడాగా తోస్తే ఆ మాట కింద గీత గీయించండి. ఆ గీతలున్న మాటలను నిఘంటువులోనో, ఉపాధ్యాయుల వద్దనో సరిచూసుకుని, ఆ తరువాతే సాపు ప్రతి రాయించండి.